పుట్టింటికి వచ్చే తాబేలు



ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వస్తుంది. ఆలివ్ రిడ్లీ అనే సముద్ర తాబేలూ అంతే. తాను పుట్టిన తీరానికే తిరిగొస్తుంది. సంక్రాంతి వెళ్లాక రాత్రిపూట ఒడ్డుకెక్కుతుంది. ఇసుకలో గుంత తవ్వి సుమారు 100 గుడ్లు పెడుతుంది. ఇసుక కప్పి వెళ్లిపోతుంది. కుక్కలు, నక్కలు ఆ గుడ్లను తవ్వి తింటాయి.

విశాఖపట్నం తీరం చూడడానికి ఎందరో వస్తారు. అక్కడ అటవీశాఖ వాళ్లు, జాలర్లు కలిసి ఈ గుడ్లను కాపాడుతున్నారు. వాటిని జాగ్రత్తగా తీసి, కంచె వేసిన చోట ఇసుకలో పూడుస్తారు. దాదాపు 50 రోజులకు పిల్లలు బయటికొస్తాయి. వాటిని సముద్రంలోకి వదులుతారు.

"ఆ సముద్రం ఎక్కడ, తిరుపతి ఎక్కడ?" అంటారా? స్వర్ణముఖి ఏరు తిరుపతి పక్కగా, కాళహస్తి మీదుగా పోయి సముద్రంలో కలుస్తుంది. ఏట్లో పారేసిన ప్లాస్టిక్ సంచి వానలకు సముద్రం దాకా కొట్టుకుపోతుంది. తాబేలు దాన్ని తిండి అనుకుని మింగుతుంది. అది పేగులకు అడ్డం పడితే చచ్చిపోతుంది.

తిరుమల కొండమీద 2022లో ప్లాస్టిక్‌ను నిషేధించారు. కొండమీద మానింది ఊళ్లో మానడం కష్టమా? అంగడికి గుడ్డసంచి తీసుకుపోండి. ఏట్లో చెత్త వెయ్యకండి. ఇంకొకరిని వెయ్యనివ్వకండి.

పురిటికొచ్చే తల్లికి పుట్టిల్లు శుభ్రంగా ఉండాలి కదా!