కీళ్ళవాతము – మనసు కుంగుబాటు – ఆయుర్దాయము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో గావింపబడిన ప్రసంగ పాఠము)



కీళ్ళనొప్పులు మనిషిని బాధించునే గాని ప్రాణమునకు హాని చేయవను తలంపు పల్లెలలో చిరకాలముగా నున్నది. అది ముసలితనమునకు తోడుగా వచ్చిన బాధ యని కొందఱును, పూర్వకర్మ ఫలమని కొందఱును సరిపెట్టుకొందురు. నొప్పికి తైలమో మాత్రయో దొరకినచో చాలునందురు. ఆ నొప్పి వెంట మనసు ఎంత కుంగినదో అడుగువారు అరుదు. కీలు, మనసు, ఆయువు – ఈ మూటికి నడుమ గల సంబంధమును వైద్యశాస్త్రము కడచిన కొన్ని దశాబ్దములలో చాలవఱకు వెల్లడించినది. ఆ సంగతులు ప్రతి కుటుంబమునకు తెలియదగినవి.

కీళ్ళనొప్పులన్నియు ఒక్కటి కావు. వయసు మీఱినవారి మోకాళ్ళలో మృదులాస్థి అరుగుట వలన కలుగునది ఒకటి. 2005 చివరను, 2006లోను రాయలసీమను, తక్కిన ఆంధ్రదేశమును పీడించిన చికన్‌గున్యా జ్వరము తరువాత కొందఱిలో నెలల తరబడి నిలిచిన నొప్పి మఱియొకటి. మూడవది రుమటాయిడ్ కీళ్ళవాతము. నేటి ప్రసంగము ముఖ్యముగా దీనిని గూర్చియే. ఊరిని కాపాడవలసిన కావలివాడు ఊరివారినే కొట్టినట్లు, ఇందులో రోగములనుండి దేహమును రక్షించు శక్తియే కీళ్ళలోని పలుచని పొరపై విరుచుకొనిపడును. ఇది ముసలివారి జబ్బు మాత్రమే కాదు. ముప్పది, నలువది యేండ్లవారికిని వచ్చును. పురుషులకంటె స్త్రీలకు రెండు మూడు రెట్లు అధికముగా వచ్చును. ఉదయము లేచిన తరువాత అరగంటకు మించి వ్రేళ్ళు బిగుసుకొనియుండుట, రెండు చేతుల చిన్న కీళ్ళును వాచుట, వారములు గడచినను వాపు తగ్గకుండుట దీని ముఖ్య లక్షణములు.

ఈ వ్యాధి ప్రాచీనులకు తెలియనిది కాదు. మాధవనిదానమను ఆయుర్వేద గ్రంథమున ఆమవాతమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము కలదు. అందలి లక్షణములు పెక్కు ఈ వ్యాధిని బోలియుండును. ఇంగ్లాండునందు ఆల్‌ఫ్రెడ్ గారడ్ అను వైద్యుడు 1859లో దీనికి నేటి పేరు పెట్టెను.

ఎఱ్ఱదనము, వాపు, వేడిమి, నొప్పి – ఈ నాలుగును కూడినదానిని శోథమందురు. ముల్లు గ్రుచ్చుకొన్నచోట శోథము కలిగి, ముల్లు పోగానే చల్లారును. రుమటాయిడ్ వ్యాధిలో అది చల్లారక నిప్పువలె రగులుచునే యుండును. అప్పుడు దేహకణములు టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 మొదలగు రసాయనములను అధికముగా పుట్టించును. ఇవి కీలులోనే నిలువక నెత్తురుతో కలసి దేహమంతయు సంచరించును. రక్తనాళములను చెఱచి గుండెజబ్బు ప్రమాదమును ఇంచుమించు ఒకటిన్నర రెట్లు చేయునని వైద్యుల అంచనా.

ఈ రసాయనముల ప్రభావము మెదడునకును ప్రాకును. జ్వరము వచ్చిననాడు తిండి సహింపదు, ఎవరితోను మాటాడ బుద్ధిపుట్టదు, ముడుచుకొని పండుకొనవలెననిపించును. అది సోమరితనము కాదు; రోగముతో పోరాడు దేహము మెదడునకు పంపిన ఆజ్ఞ. ఆ స్థితి రెండు దినములు గాక రెండేండ్లు నిలిచినచో మనసు ఏమగునో ఊహింపవచ్చును. దీనికి జీవనబాధలు తోడగును. చెనక్కాయలు పెఱుకుటకు వ్రేళ్ళు వంగవు. ఆవుపాలు పిండుటకు పట్టు చాలదు. సంగటి కెలుకుటకు మణికట్టు సహకరింపదు. కూలి పోవును. అలిపిరి నుండి 3,550 మెట్లు నడచి ఏటేట కొండకు పోయిన ఇల్లాలు, ఇపుడు ఇంటి గడప దాటుటకు గోడ పట్టుకొనవలసివచ్చును. పైకి వాపు కనబడనిచో ఇంటివారు నమ్మరు. ఆమె క్రమముగా మాట తగ్గించును. ‘అవ్వకు కోపమెక్కువైనది’ అని పిల్లలందురు. అది కోపము కాదు, కుంగుబాటు.

ఇది కొలదిమందికే కలుగునని తలంపరాదు. 72 పరిశోధనలను కలిపి పరిశీలించి 2013లో ప్రకటించిన ఒక సమీక్షలో, రుమటాయిడ్ రోగులలో నూటికి సుమారు 17 మందికి తీవ్రమైన కుంగుబాటు కలదని తేలినది. డెన్మార్కు దేశమున రోగుల పట్టికల నాధారము చేసికొని జరిపిన పరిశోధనలలో, కుంగుబాటు కూడ కలిగిన కీళ్ళవాత రోగులు తక్కిన కీళ్ళవాత రోగులకంటె త్వరగా మరణించుచున్నట్లు కనబడినది. కుంగుబాటే వారిని చంపినదని దీని అర్థము కాదు. వ్యాధి మిక్కిలి తీవ్రమైనవారిలో రెండును అధికముగా నుండవచ్చును. అయితే మనసు విఱిగినవాడు మందు మానును, నడక మానును, బీడీ మానడు. శోథము పెరుగును, నొప్పి హెచ్చును, మనసు మఱింత కుంగును. ఈ చక్రమును ఎక్కడనో ఒకచోట ఆపవలెను.

ఆపుటకు సాధనములు కలవు. అందు ముఖ్యమైనదానికి ఒక తెలుగువాని పరిశ్రమ మూలమగుట గర్వకారణము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి సోదరులిద్దఱు స్ప్రూ అను గ్రహణివ్యాధితో మరణించిరి. ఆయన మద్రాసులో వైద్యము చదివి అమెరికాకు పోయి, లెడర్లీ పరిశోధనాలయమున ఫోలిక్ ఆమ్లమును తయారుచేయు కృషికి నాయకత్వము వహించెను. పిమ్మట ఆ ఆమ్లమునకు విరోధులైన మందులు అచ్చటనే రూపొందెను. మెథోట్రెక్సేటు వానిలో నొకటి. మొదట క్యాన్సరునకు వాడిన ఈ మందును కీళ్ళవాతమునకు వాడుటకు అమెరికా ప్రభుత్వ సంస్థ 1988లో అనుమతించినది. నేడు ప్రపంచమంతటను రుమటాయిడ్ వ్యాధికి ప్రధానౌషధము ఇదియే. సుబ్బారావుగారు 1948లోనే మరణించుటచే ఈ ఫలమును చూడలేదు. ఒక హెచ్చరిక: ఈ మందును కీళ్ళవాతమునకు వారమునకు ఒక్కదినము మాత్రమే పుచ్చుకొనవలెను. పొరపాటున దినదినము మ్రింగి ప్రాణము పోగొట్టుకొన్నవారు కలరు. అందుచే నెత్తురు పరీక్షలతో, వైద్యుని పర్యవేక్షణలోనే వాడవలెను.

1948లోనే అమెరికాలో ఫిలిప్ హెంచ్ అను వైద్యుడు కార్టిజోను ప్రయోగించి మంచముపట్టిన రోగులను నడిపించెను. 1950లో ఆయనకు, మఱి యిద్దఱకు నోబెల్ బహుమానము లభించెను. కాని ఈ జాతి స్టెరాయిడ్లను వైద్యుని అదుపులేక చిరకాలము వాడినచో ఎముకలు గుల్లబాఱును, చక్కెరవ్యాధి పైబడును. పేరు లేని పొడులు, గుట్టు మాత్రలు మూడు దినములలో నొప్పిని మాయము చేసినచో సంతోషింపక సందేహింపవలెను. అట్టివానిలో స్టెరాయిడ్లు కలిపియుండుట పలుచోట్ల పరీక్షలలో బయటపడినది.

ఈ సీమవారికి వైద్యాలయముల కొఱత లేదు. తిరుపతిలో రుయా ప్రభుత్వాసుపత్రియు, 1993లో సేవలారంభించిన స్విమ్స్‌యు కలవు. కీళ్ళ శస్త్రచికిత్సలకు దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రి కలదు. చిత్తూరువారికి వేలూరు క్రైస్తవ వైద్యకళాశాల సమీపమే. వాపు మొదలైన తొలి నెలలలోనే పోయినచో కీళ్ళు వంకరపోకుండ కాపాడవచ్చును. పోయినపుడు కీళ్ళతోపాటు నిద్రను, దిగులును గూర్చియు వైద్యునితో చెప్పవలెను. చెప్పనిది ఆయనకు తెలియదు.

ఇంటివారు చేయవలసినది స్వల్పమే. రోగిని రెండు ప్రశ్నలడుగవలెను: ‘ఈ రెండు వారములుగా ఏ పనియందైనను ఆసక్తి కలుగుచున్నదా? మనసు దిగులుగా నున్నదా?’ సమాధానము కలవరపెట్టునదైనచో వైద్యునికడకు తీసికొనిపోవలెను. చనిపోవలెనని ఒక్కమాట పలికినను ఒంటరిగా విడువరాదు. 2022లో కేంద్రప్రభుత్వము నెలకొల్పిన టెలిమానస్ సేవకు 14416 సంఖ్యపై రేయింబవళ్ళు ఉచితముగా మాటాడవచ్చును, తెలుగులోనే. కుంగుబాటునకు మందులు, మాటల చికిత్స రెండును కలవు. ఆ చికిత్స పొందుట పిచ్చికి గుఱుతు కాదు.

ఇక గ్రంథాలయము చేయగల పని ఒకటి కలదు. 1935లో పాతూరి నాగభూషణముగారు కృష్ణా కాలువపై పడవలో పుస్తకములు వేసికొని పాఠకుల ఊళ్ళకే పోయిరి. పాఠకుడు రాలేనిచోటికి పుస్తకమే పోవలెననుట ఆ ఉద్యమ ధర్మము. ఈ గ్రామమున మెట్లెక్కలేక గ్రంథాలయమునకు రాక మానినవారెవరో సభ్యులకు తెలియును. వారమునకొకమాఱు ఒక యువకుడు పుస్తకము చేతబట్టుకొని వారి గుమ్మము కడకు పోయి, పది నిమిషములు కూర్చుండి, వ్రేళ్ళు వంగనివారికి నాలుగు పుటలు చదివి వినిపించినచో, వారి మౌనము కొంతయైనను తగ్గును. జబ్బు ముదిరినచో ఊరికి ముందుగా తెలియును. ఈ రజతోత్సవ సంవత్సరమున ఆ పని మొదలగుగాక!