మా అన్న అడిగిన మూడు ప్రశ్నలు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను వ్యవసాయ శాఖలో ముప్పై ఏళ్లు పనిచేశాను. మన బడి వేపచెట్ల కింద కూర్చుని అన్నాలు తిన్న రోజుల్లో, రాలిన పండ్లను తొక్కుకుంటూ పోయేవాళ్లం. ఆ గింజ విలువ నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

ఊరూరా తిరిగి పత్తి రైతులకు చెప్పేవాణ్ణి. ఐదు కిలోల వేపగింజల పొడిని మూటగట్టి రాత్రంతా నానబెట్టండి, పిండి తీసిన రసంలో కాస్త సబ్బు కలిపి, వంద లీటర్ల నీళ్లు చేసి సాయంత్రం పూట కొట్టండి అని. అందరూ తలలూపేవారు. మర్నాడు మందుల కొట్టుకే వెళ్లేవారు. వాళ్లలో మా అన్న కూడా ఉన్నాడు.

1997-98లో వరంగల్ జిల్లాలో పత్తి రైతుల చావుల వార్తలు విన్నాక, ఉండబట్టలేక అన్నను నిలదీశాను. ఆయన కోప్పడలేదు.

"తమ్ముడూ, ఆ గింజలు ఏరేదెవరు, దంచేదెవరు? మీ వదినేగా? షావుకారు పంట చేతికొచ్చేదాకా మందు అప్పిస్తాడు. నీ కషాయం పనిచెయ్యక చేను పోతే నన్నెవరు ఆదుకుంటారు? కొట్టిన మర్నాడు కూడా పురుగు కదులుతూనే ఉంటే ఎట్లా నమ్మాలి?" అన్నాడు.

మూడో ప్రశ్నకే నా దగ్గర జవాబుంది. వేపలోని అజాడిరక్టిన్ పురుగును వెంటనే చంపదు. మేత మాన్పిస్తుంది, కుబుసం విడవనివ్వదు. చిన్న పురుగు మీదే బాగా పనిచేస్తుంది. ఎండకు త్వరగా సత్తువ పోతుంది కాబట్టే సాయంత్రం కొట్టమంటాం. ఇదంతా ముందే చెప్పకపోవడం నా తప్పు. రైతు చచ్చిన పురుగుల కోసం చూస్తాడు. కొత్త ఆకు తెగిందా లేదా చూడమని నేను నేర్పలేదు.

మిగతా రెండింటికీ జవాబు పాల్వంచ దగ్గరి పునుకులలో దొరికింది. 2003-04 నాటికి ఆ ఊరు రసాయన పురుగుమందులు మానేసింది. ముందు కొద్దిమందే మొదలుపెట్టారు. వాళ్ల చేలు చూసి మిగతావాళ్లు కదిలారు. గింజలు సేకరించి పొడి చేసే పనిని మహిళా సంఘాలు చేపట్టాయి. ఇంటి ఇల్లాలి చాకిరీగా ఉన్నది సంఘం పనయింది. మందుల ఖర్చు తగ్గితే షావుకారు అప్పు కూడా తగ్గింది.

మా అన్నను మార్చింది నా ఉపన్యాసం కాదు. గట్టు అవతలి రైతు అరెకరంలో కషాయం కొడితే, సీజనంతా రోజూ చూశాడు. మరుసటి ఏడు తానూ అరెకరంలో కొట్టాడు. మూడో ఏటికి చేనంతా కొట్టాడు. ఒక ఏడు పురుగు ఉధృతమైతే ఒకసారి మందు కొనక తప్పలేదు. ఆ సంగతీ దాచను.

స్వర్ణోత్సవ నిధితో బడికి కొత్త ఆర్చి కట్టాలంటున్నారు. కట్టండి. దాంతోపాటు మన ఊరి మహిళా సంఘానికి వేపగింజలు పొడి చేసే మర ఒకటి కొనివ్వమని నా మనవి. బడి తెరిచే జూన్, జూలైలలోనే పండ్లు రాలతాయి. పిల్లలు ఏరి, కడిగి, నీడలో ఆరబెట్టి ఇస్తే చాలు. మొదటి చందా నాది.

రెండోది ఎవరిదో చెప్పనక్కర్లేదు. మూడో వరుసలో కూర్చున్న మా అన్న కూడా ఈ బడి విద్యార్థే.