బిగింపునకు కొలత: పాత అంబాసిడరు బండియు టార్కు పానాయు



మన గ్రామములలో నేటికిని అక్కడక్కడ పాత అంబాసిడరు కారులు కానవచ్చుచున్నవి. కోల్‌కతా చేరువనున్న ఉత్తరపాడా కర్మాగారమున వీని నిర్మాణము 2014వ సంవత్సరము మే నెలలో నిలిచిపోయినది. అయినను పెండ్లిండ్లకును, వైద్యుని కడకును వీనిలోనే పోవువా రింకను కలరు. అట్టి బండి నిలిచిన చోటనెల్ల నేలమీద నల్లని చమురు మరక యొకటి మిగులుట మీ రెరిగినదే. "పాతబండి గదా, కారక మానునా" యని కొందరు సమాధానపడుదురు. మరికొందరు పొడవైన పానా పుచ్చుకొని, పండ్లు బిగబట్టి, సర్వశక్తియు వినియోగించి బోల్టులను బిగింతురు. ఈ రెండవ వారిని గూర్చియే నేడు ముచ్చటింపదలచితిని. ఏలయన, పెక్కు బండ్లలో చమురు కారుటకు కారణము బిగింపు చాలకపోవుట కాదు, బిగింపు మితిమీరుట.

1959 నుండి చిరకాలము ఆ బండ్ల కమర్చిన 1489 ఘన సెంటీమీటర్ల యింజను ఇంగ్లండునందలి బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వారి 'బి' తరగతి యంత్రము. దానికి పైన వాల్వుల మూత, ప్రక్కన రెండు చిన్న మూతలు, అడుగున చమురు నిలుచు సంపు కలవు. ఇవి రేకుతో అచ్చొత్తినవి. రేకునకును పోత యినుమునకును నడుమ కార్కు గాస్కెట్టుండును. కార్కును మితముగ నొక్కినచో తిరిగి పొంగజూచుచు సందు పూడ్చును. అతిగ నొక్కినచో నలిగి, చిట్లి, ప్రక్కకు జారును. అంతకన్న చేటు మరియొకటి కలదు. బోల్టు క్రింది రేకు గుంటపడి, రెండు బోల్టుల నడిమి అంచు విల్లువలె వంగి లేచును. ఆ లేచిన చోటనే చమురు దారి చేసికొనును. కారుచున్నదని మరల బిగింతురు. అది మరింత లేచును. ఆవకాయ జాడీకి వాసెన గట్టు మన యిల్లాండ్రు గుడ్డను అన్ని వైపుల సమముగ లాగుదురే కాని, ఒక వైపుననే తమ బలము చూపరు గదా!

ఈ యింజను మరమ్మతు గ్రంథములందు ప్రతి బోల్టునకును బిగింపు పరిమాణము నిర్ణయింపబడియున్నది. సిలిండరు తలను పట్టియుంచు నట్టులకు 40 అడుగు-పౌండ్లు. సంపు బోల్టులకు 6. వాల్వుల మూత నట్టులకు 4. ప్రక్క మూతల బోల్టులకు 2 మాత్రమే. అడుగు-పౌండనగా, ఒక అడుగు పొడవుగల పానా చివర ఒక పౌండు బరువు వ్రేలాడదీసినచో కలుగు మెలి. దీనినే పాఠశాలలో బలభ్రామకమని బోధించెడివారము. పిల్లలు కంఠస్థము చేసి పరీక్ష కాగానే మరచెడివారు. తలుపును గడియవైపున త్రోయుట సులభము, బందుల చెంత త్రోయుట కష్టము, విషయమంతయు నింతే. ప్రక్క మూతకు కావలసినది అడుగు పానా చివర కిలో కైనను చాలని బరువు. నాగలి పట్టిన చేయి అదే పానాను ఇరువది కిలోల బలముతో అవలీలగ లాగును. ఇక చేతిలెక్క యెట్లు నిలుచును?

ఆ లెక్క చెప్పు పనిముట్టే టార్కు పానా. 1918లో న్యూయార్కు నగర జలశాఖయందు పనిచేయుచుండిన కాన్రాడ్ బార్ దీనిని కల్పించెనని చెప్పుదురు. భూమిలోని గొట్టముల అతుకుల బోల్టులను పనివారు అతిగ బిగింపకుండుటకే ఆయన దానిని కల్పించెనట. ఇందు ఒక విధము పానాకు పొడవైన కమ్మియు ముల్లును ఉండును; లాగినప్పుడు కమ్మి వంగును, వంగని ముల్లు అంకెను చూపును. రెండవ విధమున లోన స్ప్రింగుండును. పిడిని త్రిప్పి కావలసిన అంకె నిలిపి లాగినచో, ఆ బిగింపు చేరగానే 'టక్కు'మను చప్పుడగును. అంతట చేయి ఆపవలయును. "ఇంకొక్క పట్టు" అను దురాశయే మన మేస్త్రీలకు శత్రువు. పని ముగిసిన పిమ్మట అంకెను అడుగునకు దింపి యుంచనిచో స్ప్రింగు దెబ్బతిని, పానా అబద్ధము లాడ మొదలిడును. పెద్ద బోల్టుల పానాతో 2 అడుగు-పౌండ్లు కొలుచుట బస్తాల కాటాతో బంగారము తూచుట వంటిది. దానికి అంగుళ-పౌండ్ల లెక్కగల చిన్న పానా వేరుగ నుండును. అందు ఈ కొలత 24.

మరచుట్లు శుభ్రముగ నుండవలయును. మనము పెట్టు బలములో సుమారు పదింట తొమ్మిది పాళ్లు రాపిడికే వ్యయమగును; పట్టునకు మిగులునది ఒక పాలు. కావున మరచుట్లకు చమురంటి రాపిడి తగ్గెనేని, పానా అదే అంకె చూపినను పట్టు అధికమై బోల్టు తెగవచ్చును.

మా బావమరది గారి బండి 1964 నాటిది. ప్రక్క మూతనుండి చమురు వేడి పొగగొట్టముపై బడి, బండినిండ పొగ కమ్ముచుండెను. ఒక మేస్త్రీ మూడు మారులు బిగించి, తుదకు ఇంజను దింపవలయునని చెప్పెను. ఆయన బండి నమ్మివేయ నిశ్చయించెను. మేము ముందుగ ఇంజనును కిరసనాయిలుతో కడిగి, ఆరనిచ్చి, సుద్దపొడి చల్లి, నాలుగు మైళ్లు నడిపి చూచితిమి. చమురు క్రిందికి జారును, గాలికి వెనుకకు పోవును. కాబట్టి తడిసిన చోట్లలో అన్నింటికన్న పైదియు, ముందుదియు నైనదే మూలము. మూత విప్పి చూడ, నడుమ నొక బోల్టు గల ఆ రేకు పళ్లెమువలె గుంటపడి, అంచులు లేచియుండెను. చెక్కదిమ్మపై నుంచి మెల్లగ కొట్టి చదును చేసి, క్రొత్త కార్కు వేసి, 24 అంగుళ-పౌండ్లకు ఆపితిమి. పొగ నిలిచినది, బండి నేటికిని వారి యింటనే యున్నది.

అయితే అన్ని చుక్కలకును ఈ పానా మందు కాదు. ఆ యింజను వెనుక క్రాంకు దండమునకు రబ్బరు సీలు లేదు. దండముపై చెక్కిన మరచుట్టు తిరుగుచు చమురును లోనికి నెట్టును. బండి నిలిచిన వెనుక అచ్చట రెండు చుక్కలు రాలుట దాని స్వభావము. ఇంజను ఊపిరి గొట్టము మూసికొన్నచో లోని పీడనము చమురును ప్రతి సందునుండియు వెలికి గెంటును. దానిని ముందు శుభ్రము చేయవలయును. చమురు కొల్లగ కారి కమ్మిమీది గుర్తునకు దిగువకు పోయినచో బేరింగులు మాడును. అప్పుడు నిజముగనే ఇంజను దింపక తప్పదు.

సంపు క్రిందికి దూరువారు కేవలము జాకీని నమ్మరాదు. బలమైన దిమ్మలు పెట్టవలయును. బోల్టులను ఎదురెదురుగ, రెండు మూడు విడతలుగ బిగింపుడు. క్రొత్త కార్కు కొంత అణగును గాన, నూరు మైళ్లు నడిచిన పిమ్మట, ఇంజను చల్లారిన వేళ, అదే అంకెకు పానా నిలిపి మరల నొకసారి చూడుడు.