ఎముక, నరము, మనస్సు



నడుము వంగి, మెడ త్రిప్పలేని వానిని జూచి లోకము వాతమన్నది, పూర్వజన్మ పాపమన్నది. త్రాగునీరే ఇందులకు కారణము కావచ్చునని తెలిపినది వైద్యశాస్త్రము.

1937వ సంవత్సరమున శార్టు, మెక్‌రాబర్టు ప్రభృతి వైద్యపండితులు నెల్లూరు జిల్లా రోగులను పరీక్షించి, నీటిలోని ఫ్లోరైడు ఎముకలను బిగించుచున్నదనియు, పెరిగిన ఎముక వెన్నుపామును నొక్కగా కాళ్లు చచ్చుబడుచున్నవనియు ప్రకటించిరి. నాడి చూచుటతో నది తేలలేదు. ఎముకకు ఎక్స్‌రేయు, నీటికి రసాయన పరీక్షయు కావలసివచ్చెను. తరువాతికాలమున హైదరాబాదు నాడీశస్త్రచికిత్సాచార్యులు డాక్టరు డి. రాజారెడ్డిగారు ఈ వ్యాధి నరములను బాధించు విధమును గూర్చి పరిశోధించి వ్రాసిరి. శస్త్రము నరముపై ఒత్తిడిని కొంత తొలగింపగలదు. బిగిసిన ఎముకను మునుపటివలె జేయజాలదు.

ఇక మిగిలినది మనశ్శాస్త్రము. మంచముపట్టి, పరులు పెట్టు ముద్దకై కాచుకొను వాని దిగులు ఏ ఎక్స్‌రేకును అందదు. "పాపఫలము" అను మాట ఆ దిగులును ఇనుమడింపజేయును. ఆ మాట మానుటకు మందు అక్కరలేదు.

నీటిని కాచినను ఫ్లోరైడు పోదు. లీటరునకు 1.5 మిల్లీగ్రాములు మించిన నీరు త్రాగరాదు. ప్రతి బావినీటిని, బోరునీటిని పరీక్షింపజేసి, ఫలితమును గ్రంథాలయపు గోడపై వ్రాయుదము. ఊరందరు చదువవలసిన మొదటి పుట అదియే.