చందా పుస్తకాన్ని ప్రశ్న అడగడం ఎలా?

(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి సర్వసభ్య సమావేశంలోనూ ఎవరో ఒకరు లేచి "ఇతర ఖర్చులు అని ఇంత రాశారు, అదేమిటండీ?" అని అడగడం మనకు అలవాటే. కోశాధికారిగారు బిల్లుల కట్ట తెచ్చి బల్ల మీద పెడతారు. కట్ట ఎవరూ విప్పరు. ఈలోగా టీ వస్తుంది, ప్రశ్న వచ్చే ఏటికి వాయిదా పడుతుంది. అడిగినవారిది తప్పు కాదు, చూపినవారిదీ తప్పు కాదు. కానీ సమాధానం దొరకని ప్రశ్న మనసులో అనుమానంగా మిగిలిపోతుంది. ఈ మధ్య కొందరు దాతలు చందా తగ్గించారు. కారణం వారు చెప్పలేదు, మనం అడగలేదు. ఆ కట్టను విప్పే పద్ధతి గురించే ఈ రోజు నాలుగు మాటలు చెబుతాము.

ముందు బయటి దేశం సంగతి. అమెరికాలో పన్ను మినహాయింపు పొందిన దాతృత్వ సంస్థలు ఏటా ఫారం 990 అనే లెక్క దాఖలు చేయాలి. టానా వంటి తెలుగువారి సంస్థలూ ఆ కోవలోనివే. మసీదులు, చర్చిల వంటి ప్రార్థనా స్థలాలకు మాత్రం ఆ నిబంధన లేదు. ఆ ఫారంలో ఖర్చును మూడు గడుల్లో విడదీసి చూపాలి. అసలు సేవకు ఎంత, కార్యాలయ నిర్వహణకు ఎంత, చందాలు వసూలు చేయడానికి ఎంత. అడిగినవారికి ఆ ఫారం చూపించి తీరాలి. అయితే చాలాకాలం అవి కాగితం బొమ్మలుగానే దొరికేవి, కంప్యూటరు చదివే రూపంలో ఇచ్చేవారు కాదు. కార్ల్ మలమూద్ అనే ఆయన సంస్థ కోర్టుకు వెళ్లింది. 2015 జనవరిలో తీర్పు వారికి అనుకూలంగా వచ్చింది. 2016లో పది లక్షలకు పైగా ఫారాలు కంప్యూటరుకు అర్థమయ్యే రూపంలో బయటికి వచ్చాయి. ఇప్పుడు గూగుల్‌వారి బిగ్‌క్వెరీ అనే చోట ఆ లెక్కల పట్టికలు సిద్ధంగా ఉంటాయి. అక్కడ కూర్చున్న ఏ విద్యార్థి అయినా నాలుగు వరుసల ప్రశ్న రాసి, ఏ సంస్థ ఎంత ఖర్చు పెట్టిందో క్షణాల్లో తెలుసుకోవచ్చు.

మన దేశంలో పరిస్థితి ఇంత బాగా లేదు. విదేశీ విరాళాలు పొందే సంస్థల వార్షిక లెక్కలు కేంద్ర హోంశాఖ వెబ్‌సైటులో అందరికీ కనిపించేవి. 2022 జూలైలో వాటిని తీసేశారు. కంపెనీల సామాజిక బాధ్యత నిధుల లెక్కలు మాత్రం రాష్ట్రాలవారీగా, జిల్లాలవారీగా కేంద్రం పోర్టల్‌లో దొరుకుతున్నాయి. ఓడలరేవులో ఓఎన్‌జీసీ టెర్మినల్ మన కళ్లెదుటే ఉంది. అలాంటి కంపెనీలు ఏ పనికి ఎంత ఇచ్చామని చూపుతున్నాయో మన కుర్రాళ్లు వెదికి చూడడం మంచి అభ్యాసం. ఇక మనలాంటి చిన్న సొసైటీల లెక్క రిజిస్ట్రారు కార్యాలయం ఫైలులో ఉంటుంది, ఆడిటరు బీరువాలో ఉంటుంది. దాత చేతికి మాత్రం రాదు. కనుక ఆ పని మనమే మొదలుపెట్టాలి.

ఎస్‌క్యూఎల్ అనే మాట విని ఎవరూ బెదరవద్దు. కొందరు దాన్ని సీక్వెల్ అంటారు. 1970లో ఐబీఎంలో పనిచేసే ఎడ్గర్ కాడ్, సమాచారాన్నంతా పట్టికలుగా పెట్టుకుంటే ఏ ప్రశ్నకైనా జవాబు రాబట్టవచ్చని రాశారు. 1974లో అదే కంపెనీలో చాంబర్లిన్, బోయ్స్ అనే ఇద్దరు ఆ ప్రశ్నలు అడగడానికి ఒక భాష తయారు చేశారు. మీ జేబులో ఉన్న ఫోనులో కూడా ఎస్‌క్యూలైట్ పేరుతో అది లోపల పని చేస్తూనే ఉంటుంది. ఉచితం, లైసెన్సు రుసుము లేదు. వాక్యం ఇలా ఉంటుంది: సెలెక్ట్ ఊరు, సమ్ మొత్తం, ఫ్రమ్ ఖర్చులు, వేర్ పద్దు ఈక్వల్ టు స్కాలర్‌షిప్, గ్రూప్ బై ఊరు. అంటే "ఖర్చుల పుస్తకంలో స్కాలర్‌షిప్ పద్దు కింద ఉన్నవన్నీ తీసి, ఏ ఊరికి ఎంత వెళ్లిందో కూడి చూపించు" అని. మన గుమాస్తాగారికి చెప్పే మాటే. గుమాస్తాగారికి రెండు రోజులు పడుతుంది, దీనికి రెప్పపాటు.

మేమూ, మా దగ్గర చదువుకున్న ఇద్దరు పిల్లలూ కూర్చుని మన మూడేళ్ల లెడ్జరును కంప్యూటరులో ఎక్కించాము. ఎక్కించడమే అసలు కష్టం. మనవాళ్ల పేర్లు మీకు తెలియనివి కావు. ఒకే మనిషి ఒక రసీదులో షేక్, మరోదాంట్లో షైక్, ఇంకోదాంట్లో ఎస్కే పక్కన చుక్క. ఇంగ్లీషులో రాస్తే ఆ పేరుకు అరడజను స్పెల్లింగులు. కంప్యూటరు ఆ ముగ్గురినీ ముగ్గురు మనుషులనుకుంటుంది. అమెరికాలో ప్రతి సంస్థకూ ఒక సంఖ్య ఉండటం వల్లే ఆ పట్టికలు ఒకదానితో ఒకటి అతుకుతాయి. అందుకే ప్రతి దాతకూ, సహాయం పొందిన ప్రతి కుటుంబానికీ ఒక నంబరు ఇచ్చాము.

ఇంకో చిక్కు ఖాళీ గడి. ఇది టీచర్లకు బాగా తెలిసినదే. పరీక్షకు రాని పిల్లవాడికి ఆబ్సెంట్ అని వేస్తాం, సున్నా వేయం. రెండూ ఒకటి కాదు. ఎస్‌క్యూఎల్ కూడా సగటు తీసేటప్పుడు ఖాళీ గడులను పక్కన పెట్టి మిగతావాటితోనే భాగిస్తుంది. నెలనెలా రాయాల్సిన డీజిల్ ఖర్చు ఆరు నెలలు ఖాళీగా వదిలితే, సగటు అసలు దానికంటే పెద్దదిగా కనిపిస్తుంది. ఖర్చు లేకపోతే సున్నా రాయాలి. తెలియకపోతేనే ఖాళీ వదలాలి.

ఇప్పుడు ఆ "ఇతర ఖర్చులు". పద్దును విడగొట్టి పెద్ద మొత్తం నుంచి చిన్నదాకా వరుసలో పెట్టమని అడిగాము. పైన వచ్చినవి టీలు, టిఫిన్లు, ప్రయాణాలు కావు. కఫన్ బట్ట, సమాధి తవ్వినవారి కూలి, కాకినాడ ఆసుపత్రి నుంచి మయ్యత్ తెచ్చిన బండి కిరాయి. ఎవరూ లేని మనుషుల జనాజాలు. అవి ఏ పద్దులోనూ ఇమడక అక్కడ చేరాయి. మనం ఏళ్లుగా అనుమానంగా చూసిన గడిలోనే సొసైటీ చేసిన మంచి పని దాగి ఉంది. ఇప్పుడు "జనాజా సేవ" అని వేరే పద్దు తెరిచాము.

రెండో ప్రశ్నకు వచ్చిన జవాబు అంత సంతోషం కలిగించలేదు. స్కాలర్‌షిప్పులను ఊళ్లవారీగా కూడితే, మండల కేంద్రానికి దగ్గరి ఊళ్లకు బాగా అందాయి. సముద్రం వైపు ఊళ్లకు దాదాపు లేవు. అక్కడి పిల్లలు చదవరని కాదు, ఆ పిల్లలు మా తరగతి గదుల్లోనే ఉన్నారు. దరఖాస్తు ఫారం ఒకే చోట, జుమా తరువాత మాత్రమే ఇస్తున్నాము. చేపల వేటకు, కొబ్బరి దింపుడుకు వెళ్లే తండ్రి ఆ వేళకు రాలేడు. తల్లి కువైట్‌లో ఉన్న ఇంట్లో ఫారం తెచ్చేవారే లేరు. ఎవరూ కావాలని ఎవరినీ వదలలేదు. అయినా వారు మిగిలిపోయారు.

ఇక దాతలు ఎక్కువగా అడిగేది "నూటికి ఎంత పేదవాడికి చేరుతుంది?" అని. న్యాయమైన ప్రశ్న. కానీ నిర్వహణ ఖర్చు ఎంత తక్కువైతే సంస్థ అంత మంచిదని తేల్చేయకండి. అమెరికాలో 2004లో పరిశోధకులు 2000 సంవత్సరపు ఫారాలు పరిశీలించారు. 50,000 డాలర్లు, ఆపైన విరాళాలు పొందిన సంస్థల్లో 37 శాతం తమకు చందాల వసూలు ఖర్చు అసలే లేదని రాశాయి. కరపత్రం అచ్చు వేయకుండా, మనిషిని పంపకుండా అంత డబ్బు ఎలా వచ్చింది? తక్కువ చూపితేనే దాత మెచ్చుకుంటాడని గడిలో సున్నా వేసుకున్నారన్న అనుమానం రాక మానదు. మన దేశంలో విదేశీ విరాళాలలో నిర్వహణ ఖర్చు 50 శాతం దాకా ఉండవచ్చన్న నిబంధనను 2020లో 20కి తగ్గించారు. అది పైగీత మాత్రమే. మన ఇంటి లెక్క చూస్తే, ఖుర్‌ఆన్ చెప్పిన జకాత్ హక్కుదారుల ఎనిమిది వర్గాల్లో జకాత్ వసూలు చేసే పనివారూ ఒకరు. షాఫయీ పండితులు వారికి ఎనిమిదో వంతు, అంటే 12.5 శాతం దాటరాదన్నారు. హనఫీ పండితులు పనికి తగినంత ఇవ్వమన్నారు. పనిచేసేవాడికి కూలి ఇవ్వడం తప్పని ఎవరూ అనలేదు. లెక్క రాసే కుర్రాడికి నెలకు ఇంత ఇస్తామంటే కనుబొమలు ముడుచుకునే పెద్దలు ఈ మాట గమనించాలి.

జకాత్ దగ్గరే ఈ పద్ధతి మాకు ఎంతో అక్కరకు వచ్చింది. ప్రతి రూపాయికీ అది జకాతా, ఫిత్రానా, సదఖానా అని ఒక గడి పెట్టాము. తరువాత రెండు ప్రశ్నలు రాసి ఉంచాము. ఒకటి: నిధి జకాత్ అయి, పద్దు భవనం మరమ్మతు గానీ జనాజా సేవ గానీ అయిన వరుసలు చూపించు. రెండు: నిధి ఫిత్రా అయి, పంచిన తేదీ ఈద్ తరువాతది అయిన వరుసలు చూపించు. ఈ రెండింటికీ ఒక్క వరుస కూడా రాకూడదు. తెర ఖాళీగా ఉంటేనే మనం దాత ఇచ్చిన అమానత్‌ను సరిగ్గా మోసినట్టు. వస్తే ఆ వరుస రసీదు నంబరుతో సహా ఎదురుగా ఉంటుంది, ఈద్ ముందే సరిచేసుకోవచ్చు. ఇమాంగారిని కూడా కూర్చోబెట్టి ఈ ప్రశ్నల్లో ఏవి చేర్చాలో అడిగి రాసుకున్నాము.

లెక్క అందరికీ చూపాలంటే సహాయం తీసుకున్నవారి పేర్లూ చూపాలా అని ఒక అక్కయ్య అడిగారు. చూపకూడదు. అమెరికాలో కూడా పెద్ద దాతల పేర్లు కొట్టేసిన ప్రతినే జనానికి ఇస్తారు. మన ఊళ్లలో పేరు తీసేసినా చాలదు. "ఇద్దరు పిల్లలున్న బేవా, ఫలానా వీధి" అంటే చాలు, ఎవరో తెలిసిపోతుంది. కాబట్టి పైకి పెట్టే పట్టికలో ఊరూ, పద్దూ, మొత్తమే ఉంటాయి. ఒక ఊళ్లో సహాయం పొందినవారు ఐదుగురికంటే తక్కువైతే దాన్ని పక్క ఊరితో కలిపి చూపుతాము. నంబరుకూ పేరుకూ ఉన్న జాబితా కార్యదర్శిగారి తాళంలో ఉంటుంది.

గల్ఫ్ తమ్ముళ్లకు ఒక మాట. భారత పాస్‌పోర్టు ఉన్నవారు తమ సొంత కష్టార్జితం నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. రసీదుతోపాటు పాస్‌పోర్టు నకలు జతచేయండి. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవారు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, పంపే డబ్బు విదేశీ విరాళమే. దానికి కేంద్రం అనుమతి కావాలి, అది మనకు లేదు. అక్కడి కంపెనీ యజమాని ఇచ్చిన డబ్బును మీ పేరు మీద పంపవద్దు. పౌరసత్వం అనే గడి మన దాతల పట్టికలో ఉన్నది అందుకే, మిమ్మల్ని అవమానించడానికి కాదు. అలాగే నగదుగా 2,000 రూపాయలు దాటి ఇస్తే 80జీ మినహాయింపు వర్తించదు, బ్యాంకు ద్వారానే ఇవ్వండి.

కార్యవర్గం ముందు మేము మూడు కోరికలు పెట్టాము. స్కాలర్‌షిప్ ఫారాలు ఈ జూన్ నుంచి తీరపు ఊళ్ల బడుల్లోనే ఇవ్వాలి, ఆ పని మా ఉపాధ్యాయులం చూసుకుంటాము. లెడ్జరు ఎక్కించే కుర్రాడికి నెల జీతం సదఖా నుంచి నిర్ణయించాలి. మూడు నెలలకోసారి ఒక ఆదివారం అసర్ తరువాత కంప్యూటరు హాల్లో ఉంచుతాము. దాతలెవరైనా వచ్చి ప్రశ్న నోటితో అడగవచ్చు, పిల్లలు దాన్ని రాసి జవాబు తెర మీద చూపుతారు. మొదటి ఆదివారానికి కోశాధికారిగారు ఒప్పుకున్నారు. బిల్లుల కట్ట కూడా పక్కనే ఉంటుందన్నారు.