తప్పు చెప్పే సంగతి
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



పాకాలలో మన ఇళ్ళల్లో మాట ఉర్దూ. చాలామంది పిల్లలకు బడిలో చదువు తెలుగు. పరీక్ష పెట్టే మేము ఈ సంగతి మరువరాదు. "మిగిలినవెన్ని?" అన్న మాట అర్థంగాక పిల్లవాడు లెక్క వదిలేస్తే అది లెక్కల పరీక్ష కాదు, భాషాపరీక్ష. అందుకే చిన్న తరగతుల్లో ప్రశ్నను చదివి వినిపించాలి, జవాబు నోటితోనైనా చెప్పనివ్వాలి.

52లో నుంచి 38 తీసివేయమంటే కొందరు 26 అని రాస్తారు. ఏ స్థానంలోనైనా పెద్ద అంకెలోనుంచి చిన్న అంకెను తీసేశారన్నమాట. సున్న చుట్టి పంపితే ఏం లాభం? పక్క స్థానంనుంచి పదిని తెచ్చుకోవడం రాలేదని ఆ తప్పే చెబుతోంది గదా! మరునాడు పదేసి పుల్లల కట్టలు ముందుపెట్టి, ఒక కట్ట విప్పించి చూపితే 14 వస్తుంది. వారానికి ఐదు ప్రశ్నలు చాలు, అవీ నేర్పినదాంట్లోనివే.

పిల్లలకు భయం లేకుండా, ఏడాది పొడుగునా మూల్యాంకనం జరగాలని 2009 విద్యాహక్కు చట్టమూ చెప్పింది.

తల్లిదండ్రులకొక మనవి. "ఎన్ని మార్కులు?" అనే ముందు "ఏది రాలేదు బేటా?" అని అడగండి. కాగితం చూసి కొడితే, ఈసారి తప్పును దాస్తాడు. దాచిన తప్పును దిద్దడం మా వల్ల కాదు.