చేతులు మాత్రమే కనిపించే యాడ్

ఈరోజు ఒక పాత యాడ్ గురించి మాట్లాడుకుందాం.

1990. అమెరికాలో నార్త్ కరొలైనా సెనేట్ ఎన్నిక. ఒకవైపు 1973 నుంచి సెనేటర్‌గా ఉన్న రిపబ్లికన్ జెస్సీ హెల్మ్స్. ఇంకోవైపు డెమోక్రాట్ హార్వే గాంట్. ఈయన ఆర్కిటెక్ట్, క్లెమ్సన్ కాలేజీలో 1963లో చేరిన మొదటి నల్లజాతి స్టూడెంట్, తర్వాత షార్లెట్ సిటీ మేయర్. కొన్ని సర్వేల్లో గాంటే ముందున్నాడు.

చివరి రోజుల్లో టీవీలో ఒక యాడ్ వచ్చింది. మొహం కనిపించదు. రెండు తెల్ల చేతులు, ఒక లెటర్. ఉద్యోగం రాలేదని లెటర్. ఆ చేతులు దాన్ని నలిపేస్తాయి. వెనకాల వాయిస్: ఆ జాబ్ నీకు అవసరం, అర్హత నీకే ఉంది, కానీ కోటా పేరుతో మైనారిటీ వాళ్లకి ఇచ్చేశారు. అంతే!

అసలు మొహం ఎందుకు చూపించలేదో ఆలోచించండి. మొహం ఉంటే అది ఎవరో ఒకడి కథ. చేతులే ఉంటే చూసే ప్రతి తెల్లవాడూ తన చేతులే అనుకుంటాడు. ఏ కంపెనీ, ఎవరికిచ్చారు, ఏమీ చెప్పరు. చెక్ చేయడానికి ఏముంది? అప్పట్లో గొడవంతా ఒక సివిల్ రైట్స్ బిల్లు మీద. అందులో కోటా పెట్టమని లేదు. హెల్మ్స్ దాదాపు 5 శాతం తేడాతో గెలిచాడు. యాడ్ ఒక్కదానివల్లే అని నేననను.

ఇప్పుడు అదే లెటర్ కథ హెచ్-1బి పేరుతో నడుస్తోంది. అందులో జాబ్ లాక్కున్న 'వాళ్లు' మనమే. మనకి మండుతుంది కదా?

ఇక నా సంగతి. బీటెక్ థర్డ్ ఇయర్‌లో రిజర్వేషన్ మీద ఒక మీమ్ హాస్టల్ గ్రూప్‌లో ఫార్వర్డ్ చేశా. ర్యాంకొచ్చినోడు ఏడుస్తుంటాడు, సీటు ఇంకొకడికి. పదిమంది నవ్వారు. రాత్రి మా రూమ్మేట్ లైట్ ఆపేసి, "ఒరేయ్, అందులో సీటు కొట్టేసినోడు నేనే కదా?" అన్నాడు. జోక్ రా, లైట్ తీస్కో అన్నా. వాడు కన్వీనర్ సీటులో వచ్చాడు. నాది మేనేజ్‌మెంట్ కోటా. మా నాన్న డబ్బు కట్టాడు. ఆ కోటా మీద మీమ్ నేనెప్పుడూ చూళ్లేదు, ఎవరూ పంపలేదు కూడా.

వాడికి సారీ చెప్పలేదు. ఈ ఎపిసోడ్ అప్‌లోడ్ అవ్వగానే లింక్ ముందు వాడికే పంపుతా.